వరదనెలలలో దేహసాధన

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినది మొదలు పట్టిసీమ రేవున పడవలు ఒడ్డుచేరి కట్టుబడి యుండును. ఏటి నడుమ దేవకూటాద్రి మాత్రము నలుదెసల నీటితో నొంటరిగా నిలిచి కానవచ్చును. ఆషాఢ శ్రావణ భాద్రపదములు మన కిట్టి వరదనెలలు. 1986 ఆగస్టులో భద్రాచలముకడ నీటిమట్టము 75.6 అడుగులకు లేచిన వరదను కన్నులార జూచినవారు ఈ సీమలో నేటికిని కలరు. 2022 జూలైలో అది మరల 71 అడుగులు దాటుటను చిన్నపిల్లలు సైతము చూచిరి. ఏరు అట్లు పొంగియున్నపుడు వీరేశ్వరస్వామి దర్శనమునకు తొందరపడకుండుటయే వివేకము. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు కడ వరదనీట విహారపు పడవ మునిగి పెక్కుమంది ప్రాణములు గోల్పోయిన దుఃఖమును ఈ తీరము మరువలేదు.

కావున యాత్ర ఆగును. యాత్రతోపాటు యాత్రను గూర్చిన తలపును ఆగిపోవును. మరల మాఘబహుళ చతుర్దశి సమీపించు వరకు పట్టిసీమ మాట మన యిండ్లలో వినరాదు. అప్పుడు ఒక్కసారిగా పులిహోర మూటలు కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, ఏడాది పొడుగున మేడమెట్టెక్కని కాళ్ళతో కొండమెట్ల కెదురుగా నిలుతుము. ఆ దినమున మెట్ల నడిమిభాగమున నిలిచి, మోకాలిపై చేయి యాన్చి, రొప్పుచున్న నలువది యేబది యేండ్ల స్త్రీలను మేము ప్రతివత్సరమును చూచుచునే యున్నాము. వారి భర్తలు, అన్నదమ్ములు పైనుండి కేకవేయుచుందురు. "ఈ యేటికి స్వామి నన్ను పిలువలేదమ్మా" యని కొందరు మెట్టుమీదనే కూలబడి చేతులు జోడించి వెనుదిరుగుదురు. స్వామి పిలువకపోవుట కాదు, సోదరీమణులారా! పిలిచినను లేచుటకు తొడలలో సత్తువ లేకపోవుట.

కొండ పెద్దది కాదు. తిరుపతిలో అలిపిరి త్రోవను 3,550 మెట్లు గలవు. అన్నవరపు రత్నగిరికి 460 మెట్లందురు. వాని సరసన పట్టిసీమ కొండ మన పెరటిలోని అరుగువంటిది. అయినను ఇచ్చటి శ్రమ మెట్లతో మొదలు కాదు. రేవు దిగవలయును, ఊగుచున్న పడవలోనికి ఒంటికాలిపై అడుగిడవలయును, ఏరు తగ్గగా తేలిన యిసుకతిన్నెపై ఎండలో నడువవలయును. మెత్తని యిసుకలో నడచుటకు గట్టినేలపై నడచుటకన్న రమారమి రెట్టింపు శక్తి ఖర్చగునని శరీరశాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. కాలు దిగబడుచుండగా దానిని పైకి లాగుటకు పిక్క, మడమ, పిరుదు మూడును పనిచేయవలయును. మెట్లచెంతకు చేరునప్పటికే సగము బలము ఇసుకలో కలిసిపోవును. దానికితోడు ఉపవాసము, కొందరికి రాత్రి జాగరము, చంకన బిడ్డ, చేత బుట్ట. ఇన్నింటి నడుమ మెట్లెక్కలేకపోయిన స్త్రీని సోమరి యని నవ్వువారికి సిగ్గులేదని మా యభిప్రాయము.

ఈ చిక్కు మన దేశమునకే వచ్చినది కాదు. కెనడాలోను, ఉత్తర అమెరికాలోను శీతకాలమున పచ్చికబయళ్ళు మంచుతో కప్పబడిపోవును. అచ్చట గోల్ఫు ఆడువారికి మూడు నాలుగు నెలలు ఆట లేదు. మన విశాఖపట్టణమునందు ఈస్టు పాయింటు క్లబ్బులోను, హైదరాబాదు గోలకొండ చెంతను ఈ యాట ఆడువారు కలరు గనుక, పొడుగు కర్రతో చిన్న బంతిని కొట్టి దూరపు గుంతలో వేయుటయే గోల్ఫు అని చదువరు లెరిగియే యుందురు. చూచుటకు సుకుమారమైన యాట. పదునెనిమిది గుంతలు ముగియునప్పటికి ఆటగత్తె అయిదారు కిలోమీటర్లకు మించి నడచును. దెబ్బ దెబ్బకును నడుము సుడిదిరిగినట్లు తిరుగవలయును. చలినెలలు మూడును కుంపటిచెంత కూర్చుండి, వసంతము రాగానే మొదటినాడే పూర్తిబలముతో కర్ర నెత్తినవారికి నడుము పట్టుకొనుట సాధారణము. అందుచేత నేడు ఆ యాటలో పేరుగాంచినవారు ఆటలేని నెలలనే దేహమునకు ముఖ్యమైన నెలలుగా నెంచుచున్నారు. కర్ర ముట్టరు. తుంటికీళ్ళను సడలించుట, తొడలను, పొట్టను, వీపును బలపరచుట, నడక వీనితో కాలము గడుపుదురు.

స్త్రీలకు ఈ యాట క్రొత్తది గాదు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణమున స్త్రీలు తమకై ప్రత్యేకముగ క్లబ్బును 1867లోనే ఏర్పరచుకొనిరి. అమెరికాలో బేబ్ జహారియస్ అను ధీర 1932 ఒలింపిక్ క్రీడలలో పరుగునను, ఈటె విసరుటయందును స్వర్ణపతకములు పొంది, తరువాత గోల్ఫునకు వచ్చెను. 1953లో ఆమెకు పెద్దప్రేవున పుట్టకురుపునకు శస్త్రచికిత్స జరిగెను. మరు సంవత్సరమే, 1954లో, ఆమె తన దేశపు స్త్రీల ఓపెన్ పోటీని పండ్రెండు దెబ్బల తేడాతో గెలిచెను. మన దేశపు అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు నాలుగవ స్థానమున నిలిచి, వెంట్రుకవాసిలో పతకము తప్పిపోయినను, తెల్లవారుజామున లేచి గోల్ఫు చూచు అలవాటును ఎన్నడు నెరుగని యిండ్లకు నేర్పెను.

గోల్ఫువారి యనుభవమునుండి మనము గ్రహింపవలసిన దొక్కటి కలదు. కర్రదెబ్బకు బలము చేతులనుండి రాదు. పాదము నేలను త్రొక్కుటచే పుట్టి, తొడలగుండ, తుంటిగుండ, నడుముగుండ చేతులకు వచ్చును. తుంటి బిగిసియున్నచో దాని పని నడుముపై బడును, నడుము నొచ్చును. మెట్లెక్కుటయందును నిట్లే. పిరుదు, తొడ తమ పని చేయనిచో మోకాలు ఆ బరువును మోయును. మోకాలు నొచ్చుచున్నదని మనము తైలము రాచుకొందుము. దోషము చాలమారులు దాని పైయింట నుండును.

సరే, మన పూర్వస్త్రీలు ఏ సాధనయు లేకయే కొండలెక్కిరి గదా యని యడుగువారు కలరు. వారు తిరగలి త్రిప్పిరి, రోకలి పట్టిరి, నూతిలో చేదవేసిరి, గోదావరినుండి బిందె మోసిరి. ఆ మాట నిజమే. కాని ఆ కాలమును బంగారుకాలముగా వర్ణించుట మాకు సమ్మతము గాదు. ఒక్క చంకనే బిందె నెత్తి యెత్తి నడుము వంకరపోయిన ముసలమ్మలను, పొగలో కండ్లు పోగొట్టుకొన్నవారిని మేము కన్నాము. గ్యాసుపొయ్యి, గ్రైండరు, కుళాయి మన యింటికి వచ్చుట భాగ్యమే. అవి మన చేతులనుండి తీసికొన్న పనిలో దేహమునకు మేలుచేయు అంశ మేదో దానిని మాత్రము ఏరి తెచ్చుకొని, తక్కిన బానిసత్వమును వదలివేయుట తెలివి.

ఉదాహరణకు కవ్వము. చల్ల చిలుకునపుడు త్రాటి రెండుకొసలను కుడియెడమ చేతులతో మార్చిమార్చి లాగుదుము. ఆ లాగుటతో వెన్ను కుడికి నెడమకును సమముగా తిరుగును. గోల్ఫులో నడుము ఒక్క దిక్కునకే బలముగా తిరుగుటచే ఆ యాటవారు రెండవ దిక్కునకు వేరుగ సాధన చేయవలసివచ్చినది. మన కవ్వము రెండును తానే చేయించెను. మిక్సీ వచ్చిన యింట స్తంభమునకు త్రాడు వేసి చల్ల చిలుకుమని చెప్పుట లేదు. పీటమీద తిన్నగా కూర్చుండి, చేతులు ఎదురురొమ్మున కట్టుకొని, తుంటిని కదల్పక భుజములను మెల్లగా ఈవలకు ఆవలకు పదేసిమారులు త్రిప్పినచో చాలును.

అట్లతద్దినాడు ఆడపిల్లలు ఆడు ఆటలును ఇట్టివే. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలిపై గెంతి, వంగి, బిళ్ళ నందుకొని, తూలకుండ తిరుగుటలో తొడబలము, నిలుకడ, ఎముకకు గట్టిదనము మూడును కలవు. పదునాలుగేండ్లు రాగానే "ఇంక గెంతులేమి" యని ఆ యాట మాన్పించుట మన పెద్దలు చేసిన పెద్దనష్టము. ఎముకలు బలము కూడబెట్టుకొనునది సరిగా ఆ వయసుననే. ముట్లుడిగిన పిమ్మట కొన్ని యేండ్లపాటు స్త్రీ యెముకలనుండి ఆ బలము వేగముగా తరుగుచుండును. కూడబెట్టిన దెక్కువయైనచో తరుగుదలకు తట్టుకొనును. శ్రీకాకుళపు సీమనుండి బయలుదేరిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన ప్రథమ భారతస్త్రీ యయ్యెను. ఆడుది బరువెత్తరాదను మాటకు ఆ దినముతో ఉత్తరక్రియలు జరిగినవని మేము తలచితిమి. గాని మా యూరిలో నింకను కొందరు దానికి మాసికములు పెట్టుచునే యున్నారు.

ఇచ్చట నొక సంగతి స్పష్టముగ జెప్పవలయును. ఊడ్పులకును కోతలకును పోవు కూలిస్త్రీలకు ఈ వ్యాసముతో పనిలేదు. బురదలో దినమంతయు వంగి నాట్లువేయు స్త్రీకి కావలసినది వ్యాయామము గాదు. విశ్రాంతియు, కడుపునిండ పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలును. ఆమె వెల్లకిల పరుండి మోకాళ్ళను మడచి రొమ్మునకు చేర్చుకొనుట, నడుమును సడలించుట చేసిన చాలును. మే మిచ్చట చెప్పునది కుర్చీలో కూర్చుండి యుద్యోగము చేయువారికిని, గడపదాటని గృహిణులకును, ముఖ్యముగ నలువది దాటినవారికిని.

తీరిక యెక్కడ నున్నదని ప్రశ్న. ప్రపంచారోగ్యసంస్థ 2020లో పెట్టిన నియమము ప్రకారము వారమునకు 150 నిముషములు మొదలు 300 నిముషముల వరకు ఒక మోస్తరు శ్రమయు, రెండుదినములు కండరములకు బలమిచ్చు సాధనయు కావలయును. అనగా దినమునకు అరగంటకు లోపుగనే మొదలిడవచ్చును. ఆ యరగంటయైనను ఇల్లు ఇచ్చునది కాదు, తీసికొనవలసినది. అత్తగారు కాఫీ కలుపుకొనవచ్చును, మగవారు పిల్లలకు జడ వేయనేర్చుకొనవచ్చును. మా పెద్దత్తగారు రెండేండ్లు వరుసగా సగముమెట్లనుండి తిరిగివచ్చినవారు. మూడవయేట వరదనెలలలో ఆమె సాయంకాలము తలుపు గడియవేసికొని "ఈ యరగంట నేను ఊళ్ళో లేననుకొనండి" యని చెప్పి మొదలిడిరి. ఇంటిల్లిపాదియు నవ్వితిమి. ఆ శివరాత్రికి ఆమెయే మా పిల్లవానిని మెట్లమీద చేయిపట్టి నడిపించిరి.

ఆమె చేసినది బ్రహ్మవిద్య గాదు. వానలలో బయటకు పోలేము గావున ఇంటిలోనే కుర్చీనుండి చేతులు ఆనింపక లేచుటయు, మెల్లగా కూర్చుండుటయు మొదట అయిదుమారులు. కూర్చుండుటయందే మెలకువ యుండవలెను. దభాలున కూలబడరాదు, మనసులో నాలుగు లెక్కించుచు దిగవలయును. పది పండ్రెండుమారులు సుళువైన పిమ్మట కుర్చీకి మారుగా దానికన్న పొట్టిదైన స్టూలు. గోడకు చేతులానించి మునివ్రేళ్ళపై లేచి దిగుట పిక్కల కొరకు. వెల్లకిల పరుండి, మోకాళ్ళు మడచి, పాదములు నేలనాన్చి, పిరుదులను పైకెత్తి మూడు శ్వాసలు నిలుపుట తుంటికొరకు. ఇది చూచుటకు చిన్నదేగాని మోకాళ్ళకు దీనికన్న మించిన స్నేహితురాలు లేదు. పండ్లు తోముకొనునపుడు గోడచెంత ఒంటికాలిపై నిలుచుట పడవ యెక్కుటకు. ఇవి దినము విడిచి దినము చేయవలయును. నడుమదినమున కండరము తన్ను తాను బాగుచేసికొనును.

మొదటి రెండుమూడు వారములలో బలము పెరిగినట్లు తోచునది నరములు పని నేర్చుకొనుటవలన. కండరము నిజముగ దిట్టమగుటకు ఆరెనిమిది వారములు పట్టును. కీళ్ళను బిగించు నరముత్రాళ్ళకు నింకను జాగు. కావుననే వరదనెలలనుండి మొదలిడుమనుట. శివరాత్రికి పదునైదు దినములు ముందుగా లేచి, ఒక్కమారుగా ఏబది గుంజీలు తీసినవారు మెట్లకు బదులు మంచమెక్కుదురు.

పట్టిసీమ రేవుచెంతనే 2015లో కట్టిన ఎత్తిపోతల యంత్రశాల కలదు. అందు 24 పంపులు వరదనెలలలో గోదావరినీటిని పోలవరపు కుడికాలువకెత్తి కృష్ణకు పంపును. వాని కాలము మన కాలమునకు తలక్రిందులు: మన పడవలు ఆగినపుడు అవి తిరుగును, మనము యాత్ర చేయునపుడు అవి ఊరకుండును. ఊరకున్న నెలలలో యంత్రమును తుడిచి, నూనెపెట్టి, మరల నీరు వచ్చునప్పటికి సిద్ధపరచుట ఎల్లరికిని సహజముగ తోచును. ఇంటి యిల్లాలి మోకాళ్ళ సంగతి మాత్రము ఎవరికిని తోచదు.

ఆశ్వయుజము వచ్చి వానలు వెనుకబట్టిన పిదప ఏటిగట్టు మీదికి రండు. మాటలాడగలిగి పాట పాడలేనంత వేగమున నడచుట సరియైన కొలత. పది నిముషములతో మొదలిడి కార్తికము ముగియునప్పటికి ముప్పది నలువది నిముషములకు తేవచ్చును. వారమున కొకమారు గట్టుదిగి యిసుకలో కొంతదూరము నడచిన మంచిది. మార్గశిర పుష్యములలో మెట్లు: ఇంటిమేడయో, రేవుమెట్లో, ఏవియు లేనిచో వీధియరుగు మెట్టొకటియే చాలును. పాదమంతయు మెట్టుపై నుంచి, మడమతో త్రొక్కి లేవవలయును; మునివ్రేళ్ళతో ఎక్కినచో భారము మోకాలిమీద బడును. రెండుచేతులందును సమమైన బరువుగల సంచులు పట్టుకొని, నిటారుగా పెరడు చుట్టివచ్చుట చేర్చుకొనుడు. ఒక్క చంకన బిందె చేసిన వంకరకు ఇది విరుగుడు.

ఆహారమును మరువరాదు. మన రాష్ట్రమున పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో నూటికి యేబదిమందికి పైగా రక్తహీనత గలవారని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తేలినది. మెట్లెక్కగా రొప్పువచ్చుట, గుండె దడదడలాడుట వ్యాయామలోపముననే గాక రక్తలోపమునను కలుగును. అట్టివారు ఎంత సాధన చేసినను ఫలము స్వల్పము. ముందు రక్తపరీక్ష చేయించుకొనుడు. అంగన్‌వాడీలోను, ప్రభుత్వాసుపత్రిలోను ఇచ్చు ఇనుపధాతువు మాత్రలను నిమ్మరసముతో గాని జామపండుతో గాని తీసికొనుడు. కాఫీ టీలతో తీసికొనకుడు, అవి ధాతువును లోనికి పోనీయవు. రొమ్ములో నొప్పి, కండ్లు తిరుగుట, ఒక కాలు మాత్రమే వాచుట యున్నవారు వైద్యుని చూడక ఏ సాధనయు మొదలిడరాదు. మధుమేహమునకు మందు వాడువారు శివరాత్రి యుపవాసమును గూర్చి ముందుగనే వైద్యుని సలహా నడుగవలయును. నిరాహారముగ మాత్ర మ్రింగి ఎండలో కొండయెక్కుట భక్తి గాదు, అపాయము.

శివరాత్రికి ముందటి వారము సాధన సగము చేయుడు. క్రొత్తది ఏదియు మొదలిడకుడు. ఇసుకలో నడచుటకు మడమను బిగించిపట్టు చెప్పులు వలయును. ఊడిపోవు చెప్పులతో పిక్కలు పట్టును. చీరకుచ్చెళ్ళను చీలమండకు పైగా ఎత్తి దోపుకొనుడు. ప్రొద్దుపొడుపునకు ముందే రేవునకు చేరినచో ఇసుక కాలదు. నీళ్ళసీసాను, బుట్టను మగవారి చేతి కిచ్చి, చంటిబిడ్డను కూడ వారి భుజముపైనే ఎక్కింపుడు; మీ కొకచేయి ఖాళీగా నుండితీరవలయును.

ఎక్కునపుడు పదేసిమెట్ల కొకమారు అడుగక ముందే ఆగుడు. రొప్పువచ్చిన పిమ్మట ఆగుట ఆలస్యము. దిగునపుడు మరింత జాగ్రత్త. ఎక్కుట కష్టము, దిగుట సుఖము అని లోకమనును. మోకాలిచిప్ప నడిగినచో వేరుగ జెప్పును. ప్రతి మెట్టునను దేహభారము పెక్కింతలై దానిపై బడును, తొడకండరము సాగుచునే బరువును పట్టి నిలుపవలయును. మరునాడు, ఆ మరునాడు వచ్చు నొప్పులన్నియు దిగుటవలన వచ్చినవే. ప్రక్కగోడనో కమ్మినో పట్టుకొని, అడ్డముగా తిరిగి, ఒక్కొక్క మెట్టుమీదను రెండుపాదములు చేర్చుచు దిగుడు. వెనుకవారు తొందరపెట్టినచో ప్రక్కకు తొలగి వారిని పోనిండు. ఇంటికి చేరిన మరునాడు మంచముననే పరుండక, గట్టుమీద పది నిముషములు మెల్లగా నడచిరండు. తొడలలోని పట్టు కొంత సడలును.